అక్కి రెండోసారి రాదు

శనివారం సాయంత్రం వాన తెరిపిస్తే చాలు, నాగరత్నం పెరట్లో బకెట్టు పెట్టేది. బకెట్టు మీద గరాటు, గరాటు మీద ఊదారంగు ట్యూబులైటు, బకెట్టు లోపల కోడిగుడ్ల అట్టలు. వెలుగు చూసి వచ్చిన శలభాలు గరాటులోకి జారి, అట్టల గుంటల్లో తలదాచుకుని, తెల్లవారేదాకా బుద్ధిగా కూర్చునేవి. ఆదివారం పొద్దున కాఫీ తాగి, ఒక్కో అట్టా బయటికి తీసి, ఫోటో పట్టి, పేరు కనుక్కుని వదిలేయడం ఆమె పని. జిల్లాలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అది పెట్టింది కలైవాణి. క్రిష్ణగిరి కాలేజీలో నాగరత్నంతో పాటు జువాలజీ చదివి, ఇప్పుడు అక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. నాగరత్నం చదువు పెళ్ళితో పాటు హోసూరు వచ్చి, బాగలూరు రోడ్డు పక్కన ఈ ఇంటి పెరట్లో ఆగిపోయింది.

"మా ఇంటికి శనివారం శనివారం చుట్టాలు వస్తారప్పా. మాకు కాదు, బకెట్టుకు" అని ఆమె భర్త శశికుమార్ వీధిలో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

గ్రూపుకు కావలసింది శలభాలు మాత్రమే. కానీ బకెట్టులో సగం వేరేవే ఉండేవి. పేడపురుగులు, మీసాలు పొడుగ్గా ఉన్న కీచురాళ్ళు, గాజు రెక్కల పచ్చపురుగులు, సన్ననడుము కందిరీగలు, చెరువులో ఉండాల్సింది పోయి దారితప్పి వచ్చిన నల్లని పెంకుపురుగులు. మిగతా సభ్యులు వీటన్నిటినీ కలిపి 'ఇతరాలు' అని ఒక్క మాట రాసి ఊరుకునేవాళ్ళు. నాగరత్నానికి అది నచ్చేది కాదు. బియ్యంలో రాయి ఏరి, రాయేలే అని మళ్ళీ అందులోనే వేసినట్టుండేది. కనీసం ఏ కుటుంబానికి చెందిన పురుగో తేలేదాకా భూతద్దం పక్కన పెట్టేది కాదు.

పేరు తేలాక మాత్రం రెండు రకాల మర్యాదలు జరిగేవి. శలభాలను ఒక్కొక్కటిగా కరివేపాకు చెట్టు నీడలోకి వదిలేది. మిగతావాటిని అట్టలతో సహా తీసుకుపోయి, వెనక గోడ మీదుగా అవతలి పొదల్లోకి దులిపేది. పెరట్లో వదిలితే మట్టి తవ్వే రకాలు చామంతి నారును వేళ్ళతో సహా తినేస్తున్నాయి. అవతల ఎవరూ కట్టని ఖాళీ స్థలం, నడుమెత్తు పొదలు, వానకు మురిగిన ఆకులు. పిట్టల కంటపడకుండా బతికిపోతాయిలే అనుకునేది.

ఆ స్థలానికి అటువైపు లైను ఇళ్ళు. రేకుల కప్పు కింద వరసగా ఒంటిగదులు. అన్నిట్లోనూ ఫ్యాక్టరీ పనికి వచ్చిన ఆంధ్రావాళ్ళే. చివరి గదిలో చక్రి, అమృత. రాయచోటి దగ్గరి పల్లె వాళ్ళది. అతను వాహనాల విడిభాగాలు చేసే కంపెనీలో, ఆమె గులాబీలు కట్టలు కట్టి పెట్టెల్లో సర్దే షెడ్డులో పనిచేసేవాళ్ళు. వాళ్ళకు రెండేళ్ళు నిండని పాప. అసలు పేరేదో ఉంది, అందరూ జున్ను అనే పిలిచేవాళ్ళు. పనిదినాల్లో జున్నును పక్కగది పుట్టమ్మ చూసుకునేది. ఆదివారం చక్రి ఓవర్‌టైముకు పోతే, అమృత పాపను చూసుకుంటూ వారం బట్టలన్నీ ఉతికేది. గోడకు ఇటు నాగరత్నం, అటు అమృత. అలా మొదలైంది స్నేహం.

"పురుగులకు పేర్లు పెట్టేదానికి కూడా చదవల్లా అక్కా?"

"చదివితే ఉద్యోగం వస్తాదన్నారు. రాలేదు. పేర్లైనా పెట్టుకుంటా."

అమృత నవ్వితే ఇరవై రెండేళ్ళ పిల్ల అని గుర్తొచ్చేది.

ఆడి నెల వానలు పట్టుకున్నాక ఒక సోమవారం జున్ను మెడ మీద ఎర్రగా ఒక చార తేలింది. మంగళవారానికి ఆ చార పొడుగునా చిన్న చిన్న బొబ్బలు లేచాయి. పిల్ల ఒకటే ఏడుపు. పుట్టమ్మ చూసి "అక్కి" అంది. అక్కి అంటే ఆ చుట్టుపక్కల ఎవరూ ముందు డాక్టరు దగ్గరికి పోరు. అక్కి రాసేవాళ్ళ దగ్గరికి పోతారు. గుర్రప్ప వాళ్ళది కెలమంగలం దగ్గర కుండలు చేసిన వంశం. సారె ఎప్పుడో అటకెక్కింది, ఆయన ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. కానీ అక్కి రాయడం మాత్రం విడిచిపెట్టలేదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, కావి అరగదీసి, కోడి ఈకతో బొబ్బల మీద సింహం బొమ్మ గీసి, వాళ్ళ తాత చెప్పిన మాటలేవో లోపల్లోపల చదివాడు. మూడు దినాలు నీళ్ళు తగలనియ్యొద్దన్నాడు. డబ్బిస్తే తీసుకోలేదు. ఆ వారాంతానికి బొబ్బలు ఎండి పొట్టు రాలిపోయాయి.

"చూసినారా!" అంది పుట్టమ్మ, తానే రాసినట్టు.

రెండు వారాలు గడిచాయి. మళ్ళీ సోమవారం, ఈసారి చెంప మీద, మోచేతి మడతలో. మళ్ళీ గుర్రప్పను పిలిచారు. ఆయన కావి గిన్నె కింద పెట్టి, పాప చెయ్యి వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. ఈక మాత్రం తియ్యలేదు.

"అక్కి రెండోసారి రాదమ్మా. మా తాత రాసినోళ్ళకు రాలేదు, మా నాయన రాసినోళ్ళకు రాలేదు. ఇది అక్కి కాదు" అన్నాడు.

"మరేంది మామా?" అన్నాడు చక్రి.

గుర్రప్ప గిన్నె ఎత్తుకుని లేచాడు. చెడ్డ మాట నోటితో అనడం ఆయనకు ఇష్టం లేదు. "కాలిన మచ్చలు ఎట్లుంటాయో నాకు తెలుసప్పా. కుండలు కాల్చే ఆము దగ్గర పుట్టినోణ్ణి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

తరవాతి రోజు క్లినిక్కుకు తీసుకుపోతే, గది నిండా జనం మధ్య డాక్టరు ఒక చూపు చూసి, "ఏం పడింది? వేడి నీళ్ళా?" అని అడిగి, సమాధానం వినకుండానే మందు రాసిచ్చాడు. ఆ ప్రశ్న లైను ఇళ్ళంతా తిరిగింది. చివరికి పుట్టమ్మ లెక్క తేల్చింది. పాప తన దగ్గరున్నన్నాళ్ళూ బంగారంలా ఉంటుంది. మచ్చ కనపడేది సోమవారం. ఆదివారం పాప ఎవరి దగ్గరుంటుంది? ఒక్క తల్లి దగ్గరే.

ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సిన పని లేకుండా పోయింది. కుళాయి దగ్గర అమృత బిందె పెడితే మిగతావాళ్ళు మాట ఆపేవాళ్ళు. చక్రి అన్నం తినేటప్పుడు పొయ్యి పక్కనున్న అట్లకాడ వైపు చూసేవాడు.

"అక్కా, నేను బిడ్డను కాలుస్తానా?" అని అడిగింది అమృత ఒక ఆదివారం, గోడ మీద చెయ్యి పెట్టి.

"ఛ. ఎవురన్నారు?"

"ఎవురూ అనలేదు. అంటే బాగుండు."

నాగరత్నం ధైర్యం చెప్పింది. చెబుతూనే, పాప చెంప మీద మందు కింద దాగిన మచ్చను దూరం నుంచే చూసింది. శలభం రెక్క మీద గీత వంకరగా ఉందా నిట్టనిలువుగా ఉందా అని అరగంట చూడగలిగిన మనిషి, గోడ దాటి అటు వెళ్ళి ఆ మందు తుడిచి చూడలేదు. అమృత చిన్న పిల్ల, ఒంటరిది, అలసిపోయి ఉంటుంది, విసుగులో ఎప్పుడన్నా... అన్న ఊహ ఒకటి ఆమె మనసులోకి వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. వచ్చిన మాట మాత్రం నిజం.

మూడోసారి మచ్చ వచ్చిన వారమే నాగరత్నం చేతి మీదా వచ్చింది. ఆదివారం అట్టలు దులుపుతుంటే ముంజేతి మీద ఏదో పాకింది, చూడకుండానే అరచేత్తో రుద్దేసింది. సోమవారం సాయంత్రం అక్కడ మంట. మంగళవారం పొద్దునకు చిటికెన వేలంత పొడుగున ఎర్రని చార, దాని మీద ఆవగింజల్లాంటి బొబ్బలు.

"పెనం తగిలిందా?" అన్నాడు శశికుమార్.

"తగిలితే నాకు తెలీదా?"

ఫోటో తీసి కలైవాణికి పంపింది. నిమిషంలో ఫోను మోగింది.

"ఏమే రత్నా, బకెట్టులో పురుగును నలిపినావా? నారింజ రంగు ఒళ్ళు, నల్ల తల, నల్ల తోక, నడుము దగ్గర నీలం. చూస్తే చీమ మాదిరి ఉంటాది."

"అది రోవ్ బీటిల్. స్టాఫిలినిడే. వానలు మొదలైనప్పటినుంచీ వస్తా ఉండాది, పోయిన నెలే కనుక్కున్నా."

"కుటుంబం కనుక్కుని ఆపేసినావా? అది పీడరస్ తల్లీ. కుట్టదు, కరవదు. నలిగితే దాని రసం చర్మాన్ని కాలుస్తాది. అప్పుడే ఏమీ తెలీదు, ఒక దినం గడిచినాకే మంట. సగం మంది అక్కి అంటారు, సగం మంది కాలింది అంటారు. మా హాస్టల్లో పిల్లోళ్ళకు ఏటేటా వస్తాది. మెత్తగా ఊది పంపించెయ్యల్ల, రుద్దగూడదు. అవునూ, అట్టలు యాడ దులుపుతావు?"

నాగరత్నం ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెనక గోడ దాకా నడిచింది. అవతల పొదల మీద, తాడు కట్టే చోటు లేని లైను ఇళ్ళ బట్టలు కొన్ని, వానకు ఆరక, ఆదివారం నుంచీ అలాగే పరిచి ఉన్నాయి. అమృత చీర ఒకటి. గోడకు అందేంత దగ్గరలో చిన్న గౌను, పసుపు రంగుది. ఎన్ని ఆదివారాలు చూసిందో ఆ గౌన్లను. చెయ్యి చాపి అంచు పట్టుకుని పైకెత్తింది. మెడ దగ్గర కుచ్చుల్లోంచి చీమలాంటిది ఒకటి, తోక వంచి పైకి లేపి, తీరిగ్గా బయటికి నడిచింది.

ఆమె దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి ఊదింది. ఇంకొక కుచ్చులో ఇంకొకటి దొరికింది. చెప్పులు సరిగ్గా తొడుక్కుందో లేదో, వీధి చుట్టూ తిరిగి లైను ఇళ్ళకు వెళ్ళింది.

చక్రి గది ముందు మనుషులున్నారు. పొద్దున దిగిన చక్రి తండ్రి ఓబయ్య గడప పక్కన కుర్చీలో, తువ్వాలు తొడ మీద పెట్టుకుని, జున్నును ఆ తువ్వాలు మీద కూర్చోబెట్టుకుని ఉన్నాడు. డ్యూటీకి పోతూ ఆగిన గుర్రప్ప, పుట్టమ్మ, తలుపుకు ఆనుకుని చక్రి. లోపల అమృత పాప బట్టలు సంచిలో సర్దుతోంది. సంగతి అడగకుండానే తెలిసింది. సాయంత్రం బస్సుకు తాత పాపను ఊరికి తీసుకుపోతున్నాడు.

"ఆగండప్పా" అంది నాగరత్నం, ఆయాసంతో. "బిడ్డను ఎవురూ కాల్చలేదు. ఇదిగో, ఈ పురుగు."

డబ్బా చేతులు మారింది. పుట్టమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఈ చీమా?"

"చీమ కాదు పుట్టమ్మా. పెంకుపురుగే, పొట్టి రెక్కలది."

"కుడతాదా తల్లీ?" అన్నాడు ఓబయ్య మర్యాదగా.

"కుట్టదు. నలిగితే దాని రసం..."

"కుట్టని పురుగు కాలుస్తాదంట!" పుట్టమ్మ గుర్రప్ప వైపు తిరిగి నవ్వింది.

"మా ఊర్లో పురుగుల్లేవా తల్లీ" అన్నాడు ఓబయ్య. "చేన్లో పుట్టి చేన్లో పెరిగినోళ్ళం. తేలు తెలుసు, జెర్రి తెలుసు. ఆదివారం ఆదివారం వచ్చే పురుగును మాత్రం చూడలేదు."

"దానికీ వారమంతా డ్యూటీ ఉంటాదేమో నాయనా" అన్నాడు చక్రి. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వడానికి అన్నట్టు లేదు.

నాగరత్నం తన ముంజెయ్యి చాపింది. "చూడండి. నాకూ వచ్చింది."

ఓబయ్య చూశాడు, నిజంగానే వంగి చూశాడు. "పొయ్యి దగ్గర మసిలే ఆడోళ్ళకు కాలేది మామూలే కదమ్మా" అన్నాడు. గుర్రప్ప కూడా చూసి, అవునన్నట్టు తలాడించాడు. అది అచ్చం పెనం అంచు తగిలినట్టే ఉంది. తన మొగుడే ఆ మాటన్నాడు.

అప్పుడు చెప్పింది, ఆదివారం ఎందుకో. శనివారం తాను లైటు పెట్టడం, ఆదివారం పొద్దున అట్టలు గోడ మీదుగా దులపడం, అదే పూట అమృత ఆ పొదల మీదే బట్టలారేయడం, ఆ గౌన్లు పాపకు తొడగడం, ఒక దినం గడిచి సోమవారం మచ్చ తేలడం. ఒక్కటి వదలకుండా, వరస తప్పకుండా చెప్పింది. "తప్పు నాది. తెలియక చేసినాను. ఆ పిల్లకు ఏ పాపమూ తెలీదు."

లోపల సంచి సర్దుతున్న చప్పుడు ఆగింది. నాగరత్నానికి ఆశ పుట్టింది. తిడతారు, తిట్టనీ అనుకుంది. మొహాన ఉమ్మినా సరే అనుకుంది.

ఓబయ్య పాపను భుజం మీదికి మార్చుకుని లేచి, చెయ్యెత్తి దండం పెట్టాడు.

"నీ మనసు గొప్పది తల్లీ. ఎవురి తప్పో నీ నెత్తిన ఏసుకుంటాండావు. ఆ పిల్లకు నీలాంటి మనిషి పక్కనుండడం అదృష్టం. కానీ బిడ్డ సంగతి కదా."

"అయ్యో, నేను అబద్ధం..."

"అబద్ధమని ఎవురన్నారమ్మా? మంచికి చెప్పినావు" అంది పుట్టమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

నాగరత్నం ఇక ఆలోచించలేదు. డబ్బా మూత తీసి, ఒక పురుగును ఎడమచేతి మీదికి వంపి, అందరూ చూస్తుండగా బొటనవేలితో మోచేతి దాకా నలిపి రాసింది. చక్రి "అక్కా" అని ఒక అడుగు ముందుకేశాడు. అందరూ ఆ చెయ్యి వైపే చూశారు. తెల్లని చెయ్యి. కొంచెం తడి. అంతే.

"ఏమీ కాలేదే" అంది పుట్టమ్మ నెమ్మదిగా.

"ఇప్పుడు కాదు. రేపు సాయంత్రానికి వస్తాది. ఒక్క దినం ఆగండి, చాలు."

అమృత అప్పుడు బయటికి వచ్చింది. "ఒక్క దినం ఆగు మామా" అంది. ఆ రోజు ఆమె అన్న మాట అదొక్కటే.

ఓబయ్య కొడుకు వైపు చూశాడు. చక్రి నేల చూపులు చూశాడు. "ఒక్క దినంలో ఏం జరుగుతాదో ఎవురికి తెలుసమ్మా" అన్నాడు ముసలాయన. కోపంగా అనలేదు. చక్రి లోపలికి పోయి సంచి తెచ్చాడు. షేర్ ఆటో ఎక్కేటప్పుడు జున్ను తాత భుజం మీంచి చెయ్యి ఊపింది. ఊరికి పోతున్నాననే సంబరం దానిది.

మరుసటి సాయంత్రం చెప్పిన వేళకు చెప్పినట్టే మంట మొదలైంది. ఆ తరవాతి పొద్దునకు మోచేతి దాకా బొబ్బల చార లేచింది. పాప మోచేతి మడతలో ఎలా ఉందో అలాగే, మడతకు ఇటూ అటూ జంట అచ్చులతో సహా. ఇన్నేళ్ళలో ఏ పురుగు విషయంలోనూ ఆమె అంత కచ్చితంగా నిరూపించింది లేదు. ఆ చేత్తోనే వెళ్ళి చక్రి ముందు నిలబడింది.

చక్రి చాలాసేపు చూశాడు. నమ్మాలనే ఉంది అతనికి. అది ముఖంలో కనపడింది. ఫోటో తీసి తండ్రికి పంపాడు. ఫోను చేశాడు. స్పీకర్లో ఓబయ్య గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"చూసినానప్పా. ఆయమ్మ చేత్తో రుద్దుకునింది, వచ్చింది. మరి బిడ్డకు ఎవురు రుద్దినారు?"

"బట్టల్లో ఉండె నాయనా. దానంతటది నలిగి..."

"సరేలే. ఈడికొచ్చినాక మచ్చలు ఎండిపోతాండాయి. ఆదివారం పోనీ, చూద్దాం."

ఆదివారం పోయింది. ఇంకా కొన్ని ఆదివారాలు పోయాయి. రాయచోటి పల్లెలో ఊదారంగు లైటు లేదు, అట్టలు దులిపేవాళ్ళు లేరు. జున్ను ఒంటి మీద కొత్త మచ్చ ఒక్కటి రాలేదు. ప్రతి సోమవారం ఓబయ్య ఆ మాట చెప్పడానికే ఫోను చేసేవాడు. "ఈడ ఏమీ లేదప్పా. బిడ్డ శుభ్రంగా ఉండాది." నిజమే చెప్పేవాడు. ఆ నిజం ఏ వైపు సాక్ష్యమో అందరికీ ముందే తెలుసు.

నాగరత్నం బకెట్టు కడిగి అటకెక్కించింది. పాపను తీసుకొస్తే ఇక రాదు, తాను హామీ అని చక్రికి చెప్పి చూసింది. కలైవాణి చేత ఫోన్లో మాట్లాడించింది. చక్రి "సరే మేడం, సరే మేడం" అని విని, ఫోను తిరిగిచ్చి, గడప మీద కూర్చున్నాడు.

"తెస్తాననుకో అక్కా. మచ్చ రాకపోతే, తల్లికి బుద్ధొచ్చిందంటారు. వస్తే ఏమంటారో నీకు తెలుసు. మా నాయనకు నేనేమని చెప్పల్ల?"

నాగరత్నం ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ శశికుమార్‌కు ఆ ప్రశ్న చెప్పింది. అతను ఏ జోకూ వెయ్యలేదు.

వానలు వెనకబడ్డాక ఒక ఆదివారం అమృత నాగరత్నం ఇంటికి వచ్చింది. తన ఫోను పాడైందని, నాగరత్నం ఫోనులో పాపను చూసుకుంటానని. కుళాయి దగ్గరా, షెడ్డులోనూ మాట్లాడే మనుషులు లేక, ఆ పిల్ల గొంతు సన్నగా అయిపోయింది. వీడియోలో అత్త కనిపించింది, ఒళ్ళో జున్ను. నున్నగా నూనె రాసిన తల, కాటుక, మచ్చ లేని మెడ.

"జున్నూ, యాడుండావు? నన్ను చూడు."

పాప తెర వైపు చూసి, అత్త కొంగులోకి మొహం దూర్చుకుంది.

"అమ్మ ఏం చేసింది చెప్పు" అంది అత్త, ముద్దు చేస్తూ. రోజూ ఆడే ఆట కాబోలు. పాప కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టి, వేలితో తన మెడ చూపించి, "అమ్మ... చుయ్‌" అంది. అని నోటితో ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంది. అవతల ఇద్దరు ముగ్గురు నవ్వారు, పిల్ల మాట ముద్దుగా ఉందని.

అమృత కూడా నవ్వింది. ఫోను పెట్టేసేదాకా నవ్వుతూనే ఉంది.

తరవాత వంటింటి గట్టు మీద ఫోను జాగ్రత్తగా పెట్టి, "అక్కా, నేనే చేసినానేమో" అంది.

"ఏందే ఆ మాట!"

"ఆదివారం దానికి ఆకలెక్కువ. నేను అన్నం వార్చేటప్పుడు పక్కకొచ్చి కాళ్ళు చుట్టుకుంటాది. చేతిలో గంటె ఉంటాది కదా. విసుక్కునేదాన్ని. జరుగు అని నెట్టేదాన్ని. వేడి గంటె తగిలుంటాది. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోతే చెయ్యనట్టేనా?"

"నువ్వు చెయ్యలేదు" అంది నాగరత్నం. గొంతు పెద్దదైంది. "కాలితే అప్పుడే ఏడుస్తాది, మర్నాడు కాదు. గంటె గుండ్రంగా కాలుస్తాది, చార మాదిరి కాదు. మడతకు రెండు వైపులా అచ్చు పడిందంటే..." మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చెప్పిందో, మాటలు అరిగిపోయాయి. అమృత తలూపుతూ విన్నది, బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో చెబితే విన్నట్టు.

"ఇంతమంది చెప్తాండారు కదక్కా" అంది చివరికి. "ఇప్పుడు బిడ్డ కూడా చెప్తాంది."

"నా చెయ్యి చూడవే. ఇది ఎవురు కాల్చినారు?"

నాగరత్నం ఎడమచెయ్యి చాపింది. అమృత దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. వంటింట్లో వెలుతురు చాల్లేదని ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళారు. మోచేతి మడత విప్పి చూశారు, ముంజెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. కుడిచెయ్యి కూడా చూశారు.

"యాడక్కా?" అంది అమృత. "ఏదీ, యాడుండాది?"

నాగరత్నం తన చర్మాన్ని వేలితో లాగి పట్టుకుని, ఇక్కడే, ఇక్కడే ఉండాలి అని వెతుకుతూ నిలబడింది.